రేవులో అడ్డంగా ఉన్న పడవలు

ఈతదిబ్బ రేవులో మూడు పడవలు అడ్డంగా ఉన్నాయి. నాయబ్ సుబేదార్ హనోకు వాటిని ఒకసారి చూసి, పక్కనే ఉన్న లాన్స్ నాయక్ నేగీతో "కాట్ దో" అన్నాడు. నేగీ నడుముకున్న కత్తి తీసి, గుంజకు బిగించిన తాడును ఒక్క లాగులో కోసేశాడు. పడవలు మూడూ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి, గుంజకు కట్టింది మాత్రం చివరి పడవనే. అందుకని ఆ ఒక్క తాడు తెగేసరికి మూడూ కలిసి నెమ్మదిగా పక్కకు జరిగి దారిచ్చాయి. సైన్యం తెచ్చిన రబ్బరు బోటు ఆ ఖాళీలోకి వచ్చి ఒడ్డుకు ఆనింది. కరకట్ట మీద నిలబడ్డ కెప్టెన్ స్టాప్‌వాచీ నొక్కి, బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు.

వరదలో ముడి విప్పుతూ కూర్చుంటే మనుషులు పోతారని హనోకుకు ట్రైనింగులో చెప్పారు. ఆ తర్వాత అతనే ఎంతోమందికి చెప్పాడు. అడ్డమున్న తాడు కోయాలి, అడ్డమున్న తలుపు పగలగొట్టాలి. ఏళ్ల తరబడి చేస్తున్న పని కాబట్టి కాట్ దో అన్న ఆ రెండు మాటలు తన నోటి నుంచి వచ్చిన సంగతి కూడా హనోకు గుర్తుపెట్టుకోలేదు. తుమ్మినవాడు తన తుమ్మును గుర్తుపెట్టుకోడు.

ఊరి జనం అప్పటికే గట్టు మీద సిద్ధంగా ఉన్నారు. తుపాను వస్తే ఎలా బయటపడాలో సైన్యం వచ్చి చేసి చూపిస్తుందంటే వాళ్లకు కొంచెం తమాషాగానే ఉంది. ఆడవాళ్లు నారింజరంగు లైఫ్ జాకెట్లు తగిలించుకుని ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. బోటు పాయ మధ్యకు వచ్చాక అరవై దాటిన ఒకాయన ఉన్నట్టుండి లేచి నిలబడి, వెనక్కి చెయ్యి చూపిస్తూ ఏదో అరిచాడు. మోటారు మోతలో మాట వినపడలేదు. కదిలే బోటులో నిలబడటం ప్రమాదం. ఒక జవాను ఆయన భుజం మీద చెయ్యి వేసి, కిందికి నొక్కి కూర్చోబెట్టాడు. ఆయన మళ్లీ లేవబోయాడు. జవాను మళ్లీ నొక్కాడు. హనోకు అది చూసి, కుర్రాడు పని సరిగ్గానే చేస్తున్నాడనుకున్నాడు.

తర్వాతి డ్రిల్లుకు ఈతదిబ్బ నుంచి ఒక్కరు కూడా రాలేదు.

బోట్లు ఒడ్డుకు ఆనాయి, జవాన్లు దిగారు, హనోకు మైకు పట్టుకున్నాడు. "తుపాను హెచ్చరిక. గ్రామస్థులందరూ వెంటనే రేవు వద్దకు రావలెను" అన్నాడు. గట్టు అవతల వలల మీద చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు తలెత్తి చూసి, మళ్లీ వంగి పని చేసుకున్నారు. మగవాళ్లలో సగం మంది చేపల వేటలో ఉన్నారు, మిగతా సగం ఇళ్లలో ఉండీ బయటికి రాలేదు. హనోకు గట్టు దిగి, అందరికంటే దగ్గరగా ఉన్న ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ పేరు బుల్లెమ్మ. చేతినిండా పొలుసు, ముక్కుకు పెద్ద పుడక.

"డ్రిల్లు ఉందని నిన్న చెప్పించాం కదండీ. ఎవరూ రాలేదేంటి?"

"పనుందండీ."

"ఊరంతటికీ పనేనా?"

"ఊరంతటికీనండి" అని ఆవిడ ఇంకో గంప దగ్గరికి జరిగింది.

అది చిన్న విషయం కాదు. శుక్రవారం కల్నల్ వస్తాడు. ఈ తుపాను కాలమంతా సైన్యం తెచ్చిన రెండు రబ్బరు బోట్లూ ఏ ఊళ్లో ఉండాలో ఆ రోజు డ్రిల్లు చూసి ఖాయం చేస్తాడు. ఈతదిబ్బకున్న దారి ఒక్కటే, కరకట్ట మీద మట్టిరోడ్డు. గాలివాన ముదిరితే ముందు తెగేది అదే. బోట్లు ఎగువనున్న పెద్ద ఊరికి వెళ్లిపోతే ఆ తర్వాత ఈతదిబ్బ దాకా వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. పిలిస్తే రాని ఊళ్లో బోట్లు పెట్టి ఏం లాభమని కెప్టెన్ అప్పుడే ఒకసారి అనేశాడు కూడా.

కెప్టెన్‌కు ఇంకా ముప్పై ఏళ్లు రాలేదు. మంచివాడు, జవాన్లు తిన్నాకే తను తింటాడు. స్థానిక సంస్కృతుల పట్ల అవగాహన అనే కోర్సు ఒకటి ఈ మధ్యనే చేసి వచ్చాడు. కొత్తగా సైకిలు నేర్చుకున్నవాడు సందు చివరి కొట్టుకైనా సైకిలు మీదే వెళ్తాడు. ఆ సాయంత్రం తుపాను షెల్టర్ వరండాలో టీ తాగుతూ కెప్టెన్ హిందీలో తేల్చేశాడు. నాయబ్ సుబేదార్‌ను పై అధికారులు కూడా సాబ్ అనే పిలుస్తారు.

"సాబ్, ఇది కల్చర్ సమస్య. మనం వాళ్ల ఆచారమేదో తొక్కేశాం. ఏమిటది?"

హనోకుకు తెలియదు. తెలియదని చెప్పబోయాడు.

"మీరు ఇక్కడివారే కదా, మీకంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు కెప్టెన్. "మంగళవారం మనవాళ్లకు క్లాసు తీసుకోండి. ఈ ప్రాంతపు ఆచారాలు, చేయవలసినవి, చేయకూడనివి. ఓ పది స్లైడ్లు చాలు."

"యస్ సర్."

హనోకుది పెదపారుపూడి పక్క పల్లె. నాట్లు, కోతలు, కాలవ వంతులు తెలుసు. క్రిస్మస్ ముందు చర్చికి రంగుకాగితాలు అంటించడం తెలుసు. సముద్రం మొదటిసారి చూసింది బందరులో, స్కూలు వాళ్లు తీసుకెళ్తే. ఉత్తరాదిలో కూర్చుని మ్యాపు చూసేవాళ్లకు పెదపారుపూడీ ఈతదిబ్బా ఒకే చుక్క కింద ఉంటాయి. ఆ ముక్క కెప్టెన్‌తో అనొచ్చు. కానీ పై అధికారి మీకు తెలుసు అన్నాక తెలియదనే అలవాటు పల్టన్‌లో లేదు. పైగా, ఇన్నేళ్ల సర్వీసులో నీ ఊరి గురించి చెప్పమని హనోకును అడిగింది ఇదే మొదలు. లోపల కొంచెం సంతోషం కూడా వేసింది.

ఆదివారం సెలవు దొరికింది. గుడివాడలో ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక, హనోకు భార్య సుచిత్రకు ఈ క్లాసు సంగతి చెప్పాడు. ఆవిడ గుడ్లవల్లేరు వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతుంది. విని, గరిటె గిన్నెలో పెట్టేసి నవ్వింది.

"పల్లెకారుల గురించి మీకేం తెలుసండీ?"

"చేపల పులుసు తెలుసు."

"మీకు తినడం తెలుసు, నాకు వండటం తెలుసు. వాళ్ల సంగతి మనిద్దరికీ తెలీదు. వాళ్లనే అడగొచ్చుగా?"

"అడిగాను. పనుందన్నారు."

"ఎలా అడిగారు, మైకులోనా?"

హనోకు అన్నం కలుపుకున్నాడు. సుచిత్ర వదల్లేదు. "మన పేటలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మావయ్యగారు వేసుకున్న పందిరి చెప్పకుండా పీకేశారుగా. ఆ కాంట్రాక్టరు కూతురి పెళ్లికి వచ్చి బొట్టు పెట్టి పిలిచినా ఆయన వెళ్లలేదు. అది మన ఆచారమా?"

"అది వేరు."

"ఏం వేరో" అంటూ ఆవిడ పెరుగు వడ్డించింది. బందరులో తనకు చరిత్ర చెప్పిన బెంజమిన్ మాస్టారు ఉన్నారనీ, తీరం మీద ఊళ్లన్నీ తిరిగిన మనిషనీ, వెళ్లి కలవమనీ చెప్పింది.

సోమవారం పొద్దున హనోకు బందరు బస్సెక్కాడు. బెంజమిన్ మాస్టారు రిటైరై చాలా కాలమైంది. వినేవాళ్లు దొరక్క ఆగిపోయిన మాటలు ఆయన దగ్గర బోలెడున్నాయి. యూనిఫాంలో ఉన్న శిష్యురాలి భర్త ఎదురుగా కూర్చుని రాసుకుంటానంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పడవంటే గంగమ్మ అని, చెప్పులతో ఎక్కరని చెప్పారు. వేటకు వెళ్లేవాణ్ణి ఎక్కడికని అడగకూడదన్నారు. ముట్టయిన ఆడవాళ్లు వల తాకరన్నారు. కొత్త పడవకు పసుపు కుంకుమ పెట్టే తీరు లేచి నిలబడి చేసి చూపించారు. హనోకు చకచకా రాసుకున్నాడు, మాస్టారు కాఫీ తెప్పించారు.

"ఒకటి బాబూ, ఇవన్నీ నేను కుర్రాడిగా ఉన్నప్పుడు, ఎక్కువగా ఉత్తరాన ఉన్న ఊళ్లలో విన్నవి. మీ ఈతదిబ్బలో ఉన్నాయో లేదో ఒకసారి కనుక్కో" అన్నారు మాస్టారు గుమ్మం దాకా వచ్చి.

"అలాగేనండి" అన్నాడు హనోకు. ఆ మాట రాసుకోలేదు.

మంగళవారం క్లాసు దివ్యంగా జరిగింది. షెల్టర్ హాల్లో జవాన్లు వరసల్లో కూర్చున్నారు. గోడ మీద స్లైడు పడగానే అందరి పెన్నులూ కదిలాయి. మొదటి స్లైడులో కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఫొటో, రెండో దాంట్లో చీర కట్టుకున్న స్త్రీ బొమ్మ. ఆ చీర కట్టు ఈ జిల్లాది కాదు, కంప్యూటర్లో దొరికింది అదే. చెప్పులతో పడవ ఎక్కరాదు అన్న స్లైడు రాగానే కెప్టెన్ కుర్చీలో ముందుకు వంగాడు.

"అదే సాబ్. మనం బూట్లతో దిగాం."

హనోకుకు వీపు మీద తట్టినట్టయింది. మిగతా స్లైడ్లు ఇంకా గట్టిగా చదివాడు. చివర్లో ప్రశ్నలున్నాయా అంటే నేగీ లేచి నిలబడ్డాడు. అతనిది గఢ్వాల్ కొండల్లో ఊరు, సముద్రాన్ని చూసి నెల కూడా కాలేదు.

"సాబ్, వాళ్ల గురించి మనం ఏమనుకోవాలో చెప్పారు. మన గురించి వాళ్లేమనుకుంటున్నారో ఎవరైనా అడిగారా?"

హాల్లో చిన్న నవ్వు లేచింది. కెప్టెన్ కూడా నవ్వి, మంచి ప్రశ్నే కానీ ఈ క్లాసు పరిధిలోకి రాదన్నాడు. నేగీ కూర్చున్నాడు.

బుధవారం హనోకుతో పాటు ఇరవైమంది జవాన్లు బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, కట్ట మీద వరసగా పెట్టారు. ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి ఉత్త కాళ్లతో రేవులోకి దిగారు. రేవంతా ఆల్చిప్పలు, విరిగిన నత్తగుల్లలు. మూడో అడుగులో ఒకడు అబ్బా అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ చేతులు చాచి, పడకుండా నిలదొక్కుకుంటూ, వంగుతూ లేస్తూ నడిచారు. గట్టు మీద ఆడవాళ్లు పని ఆపి నిలబడి చూశారు. ముందు ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత అందరూ బాహాటంగానే నవ్వారు. బుల్లెమ్మ తన హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ రేవులోకి దిగి వచ్చింది.

"ఏంటయ్యా సుబేదారు, మీవోళ్ల బూట్లు ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"పడవ దగ్గర చెప్పులు వేసుకోకూడదు కదండీ. మీ ఆచారం."

"మా ఆచారమా? ఎవురు చెప్పారు?"

ఆవిడ అతని కాళ్ల వంక చూసింది. కుడికాలి బొటనవేలి దగ్గర రక్తం కారుతోంది.

"మా అత్తగారి కాలంలో చెక్క పడవలున్నప్పుడు తీసేవోళ్లేమో. ఇప్పుడు ఫైబర్ పడవల్లో అందరం చెప్పుల్తోటే తిరుగుతాం, లేపోతే గుల్లలు దిగిపోవూ? కట్టు కట్టించుకో, చీము పడుద్ది."

"మరి ఎందుకు రావట్లేదండీ మీరు?" హనోకు గొంతు తగ్గించి అడిగాడు. ఈసారి మైకు చేతిలో లేదు. "శుక్రవారం కూడా రాకపోతే బోట్లు పైకి తీసుకెళ్లిపోతారు. రేపు నిజంగా తుపానొస్తే మీ గతేంటి?"

బుల్లెమ్మ ముఖంలో నవ్వు పోయింది. "నీకు నిజంగా తెలీదా?" అంది. తర్వాత, రమ్మని చెయ్యి ఊపి గట్టెక్కింది.

ఇళ్ల వెనక, మడచెట్ల పక్కన, ఒక పడవ బోర్లా పడుకోబెట్టి ఉంది. పక్కన మూర పొడవున చీలిపోయింది. అరవై దాటిన ఒకాయన కూర్చుని ఫైబర్ గుడ్డను చీలిక మీద పరిచి, జిగురు పూసి, బ్రష్షుతో అద్దుతున్నాడు. ఆయన పేరు అంకమ్మరావు, బుల్లెమ్మ భర్త, ఊళ్లో పెద్దమనిషి. బోటులో లేచి నిలబడినాయన, భుజం పట్టి కూర్చోబెట్టినాయన అని హనోకు గుర్తుపట్టాడు. ఆయన తలెత్తలేదు.

"ఏమైందండీ పడవకి?"

"మీరే కోయించారుగా" అన్నాడు అంకమ్మరావు బ్రష్షు ఆపకుండా.

పక్కనే ఒక తాడు చుట్టి పెట్టి ఉంది. బుల్లెమ్మ దాని కొస తీసి హనోకు చేతిలో పెట్టింది. అరిగి తెగిన తాడుకు పీచు లేస్తుంది. దీని కొస కత్తితో కోసినట్టు సాఫీగా ఉంది.

"ఆ రోజు నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. మూడూ కొట్టుకుపోయాయి. రెండు మడల్లో ఇరుక్కుని ఆగాయి. మాది వాటి నుంచి తెంపుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగదాకా పోయి రాళ్లకు కొట్టుకుంది" అంది బుల్లెమ్మ. "ఈయన లేచి అరుస్తావుంటే అందరి ముందూ భుజం పట్టుకుని కూలేశారు. కళ్లముందే పడవ పోతావుంటే మేం ఆ కమలాపండు చొక్కాలేసుకుని కూర్చున్నాం."

"మావాళ్లకు తెలియదండీ..."

"ఆళ్లు హిందీవోళ్లు, మన నీళ్లు తెలీవు, మన మాట తెలీదు. ఆళ్లనేం అనం. కోసెయ్యమని చెప్పింది నువ్వేగా. నేను గట్టు మీదే ఉన్నాను. పైకి చూస్తే మన జిల్లావోడివి, మన భాష నోట్లో ఉంది. ఓ మావయ్యా, పడవ తియ్యి అంటే తియ్యమా? పక్కనే ఉన్నాడుగా మనిషి."

హనోకు అనలేదని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచాక ఆ ఉదయం కళ్లముందుకు వచ్చింది. నేగీ తన వైపు తిరిగి చూడటం, తను చెయ్యి ఊపడం, ఆ రెండు మాటలు. ఇన్ని రోజులు బందరనీ గుడివాడనీ తిరిగి, స్లైడ్లు చేసి, గోడ మీద బొమ్మలేసి వెతికింది తన సొంత నోటి మాటనన్నమాట. తండ్రి పందిరి గుర్తొచ్చింది. పీకేసిన గుంజలు రోడ్డు పక్కన పడి ఉంటే ఆయన ఎవరినీ ఏమీ అనకుండా ఒక్కొక్కటే ఏరుకుని ఇంట్లోకి మోసుకెళ్లాడు. అది వేరు అన్నాడు తను, అన్నం కలుపుకుంటూ.

"నేనే అన్నానండి" అన్నాడు చివరికి. "తప్పయింది మావయ్యా."

అంకమ్మరావు బ్రష్షు డబ్బాలో పెట్టి, మొదటిసారి తలెత్తాడు. ఏ భావమూ లేకుండా అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"కాలికి రక్తం ఆగలేదు. ఎల్లు" అన్నాడు.

కెప్టెన్ అంతా విన్నాడు. తాడు కోయడం నియమాల్లో ఉన్న పనేనన్నాడు. నష్టం జరిగితే దరఖాస్తు పెట్టుకోమనండి, నేను సంతకం చేసి పైకి పంపిస్తాను అన్నాడు. అతను మనస్ఫూర్తిగానే అన్నాడు, పంపిస్తాడు కూడా.

"అది చాలదు సర్" అన్నాడు హనోకు.

అలాంటి మాట హనోకు నోట కెప్టెన్ ఎప్పుడూ వినలేదు. టీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"మరేం కావాలి వాళ్లకు? ఏదైనా పూజ చేయించాలా?"

"పూజలేం లేవు సర్. ఆచారాలూ లేవు. నేను చెప్పిన క్లాసంతా తప్పు. రేపు సాయంత్రం మళ్లీ ఒక క్లాసు తీసుకోనివ్వండి."

నాయబ్ సుబేదార్ జవాన్ల ముందు నిలబడి నేను తప్పు చెప్పానంటే రేపటి నుంచి మాట ఎవడు వింటాడన్నది కెప్టెన్ భయం. అది ఉత్త భయమేమీ కాదు, పల్టన్ నడిచేది అలాంటి వాటి మీదే. అయినా సరేనన్నాడు, శుక్రవారం దగ్గరికొచ్చేసింది మరి.

గురువారం హాల్లో గోడ మీద ఏ బొమ్మా పడలేదు. హనోకు ఒక పొడవాటి తాడు తెచ్చి బల్ల కాలికి కట్టాడు. నేగీని పిలిచి, ఆ రోజు తాడు ఎందుకు కోశావని హిందీలో అడిగాడు. నేగీ నిటారుగా నిలబడి గోడ వంక చూశాడు.

"చెప్పు, ఎవరు కోయమన్నారు?"

"మీరు, సాబ్."

"నేనే. అడ్డమొచ్చాయని కోయించాను. అవతల పడవలవాళ్లు నిలబడి ఉన్నారు, నాకు వాళ్ల భాష వచ్చు, అడగలేదు. వాళ్ల పడవలు కొట్టుకుపోయాయి, ఒకటి బద్దలైంది. మొన్న మీకు పది స్లైడ్లు చూపించాను, ఈ సంగతి ఒక్క దాంట్లోనూ లేదు. మీ ఊళ్లో ఎవరైనా వచ్చి మీ గొడ్డు తాడు కోసి వదిలేస్తే ఏమంటారు?"

ఎవరూ నవ్వలేదు. తర్వాత వాళ్లకు రెండు పనులు నేర్పాడు. ఒకటి ముడి విప్పడం. గుంజకు వేసే ముడి ఎలా వేస్తారో ఆ మధ్యాహ్నమే రేవులో ఒక పడవ దగ్గర కూర్చుని చూసి వచ్చాడు, అయినా వేళ్లు సరిగ్గా తిరగలేదు. నేగీకి రెండోసారికే వచ్చేసింది. రెండోది తెలుగు మాట. మావయ్యా, పడవ తీస్తారా. ఇరవైమంది దాన్ని ఇరవై రకాలుగా పలికారు. మనుషుల ప్రాణాలు పోయే వేళైతే కోయాల్సిందే, కోశాక మాత్రం ఆ పడవ ఎటు పోయిందో మనమే వెతకాలి అన్నాడు హనోకు. కెప్టెన్ వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.

శుక్రవారం పొద్దున కల్నల్ కట్ట మీద నిలబడ్డాడు, పక్కన స్టాప్‌వాచీతో కెప్టెన్. రబ్బరు బోట్లు వంపు తిరిగి రేవు కనపడేసరికి హనోకు బోటు అంచు పట్టుకుని ముందుకు వంగాడు. రేవు మొత్తం ఖాళీగా ఉంది, పడవలన్నీ అవతలి ఒడ్డుకు జరిపి కట్టేశారు. సరిగ్గా మధ్యలో, బోటు ఆనాల్సిన చోట, ఒక్క పడవ మిగిలి ఉంది. పక్కన కొత్త అతుకు తెల్లగా కనిపిస్తోంది. గుంజకు కట్టిన తాడు మధ్యలో పెద్ద ముడి ఉంది, కోసిన చోటే కలిపి కట్టారు. ఊరి జనం గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ లేవలేదు.

బోటు పడవకు కొద్ది దూరంలో ఆగింది. నేగీ హనోకు వైపు చూశాడు. అతని చెయ్యి కత్తి మీదికి పోలేదు. హనోకు నీళ్లలోకి దిగాడు, మోకాలి పైదాకా వచ్చాయి. గట్టు వైపు తిరిగి, కల్నల్ వింటున్నాడని తెలిసే గొంతెత్తి పిలిచాడు.

"అంకమ్మరావు మావయ్యా, మనుషుల్ని ఎక్కించుకోవాలి. పడవ కాస్త తీస్తారా?"

అంకమ్మరావు చుట్ట తాగుతున్నాడు. పీల్చి, పొగ వదిలి, అప్పుడు మాట్లాడాడు.

"నువ్వే తియ్యి."

హనోకు గుంజ దగ్గరికి వెళ్లాడు. తాడు రాత్రంతా నీళ్లలో నాని బిగుసుకుంది. గోళ్లతో పట్టి లాగితే రాలేదు, రెండు చేతులతో వదులు చేయబోతే జారింది. కట్ట మీద కల్నల్ ఏదో అడగడం, కెప్టెన్ ఏదో చెప్పడం కనిపిస్తూనే ఉంది. నేగీ పక్కకొచ్చి సాయం పట్టబోతే వద్దన్నాడు. చివరికి ముడి సడలింది. తాడు వదిలేయకుండా చేతికి చుట్టుకుని, పడవను ఒడ్డు వెంబడి నడిపించుకుంటూ వెళ్లి, అవతలి గుంజకు కట్టాడు. కట్టాక ఒకసారి లాగి చూశాడు.

అప్పుడు అంకమ్మరావు లేచాడు. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, రేవులోకి దిగి, హనోకు వేసిన ముడిని చూశాడు. పెదవి విరిచి, దాన్ని విప్పేసి, తను మళ్లీ కట్టాడు. వెళ్లి రబ్బరు బోటులో అడుగు పెట్టాడు. బుల్లెమ్మ గంప పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, గట్టు దిగింది. ఆవిడ వెనకే ఊరంతా దిగింది. కాళ్లకు చెప్పులు అందరికీ ఉన్నాయి.

కట్ట మీద కెప్టెన్ స్టాప్‌వాచీ వంక చూసి, దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఆలస్యం దేనికైంది?" అన్నాడు కల్నల్. "ఏదైనా ఆచారమా?"

"కాదు సర్. పడవ ఆయనది. అడిగి తీశారు."

కల్నల్ బోట్లలోకి ఎక్కుతున్న జనాన్ని చూస్తూ నిలబడ్డాడు. చివరి మనిషి ఎక్కాక, బోట్లు రెండూ ఇక్కడే ఉంచండి అన్నాడు.

మొదటి బోటు కదిలి పాయ మధ్యకు వచ్చింది. అంకమ్మరావు ఉన్నట్టుండి లేచి నిలబడి వెనక్కి తిరిగాడు. పక్కనున్న జవాను చెయ్యి అలవాటుగా ఆయన భుజం మీదికి లేచింది.

"ఆగు" అన్నాడు హనోకు. మోటారు నడిపేవాడికి చెయ్యెత్తి చూపించాడు. మోటారు ఆగిపోయింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. బోటులో ఉన్నవాళ్లందరూ, జవాన్లతో సహా, మెడలు తిప్పి రేవు వైపు చూశారు. తెల్ల అతుకున్న పడవ కట్టిన చోటే నెమ్మదిగా ఊగుతోంది.

అంకమ్మరావు తృప్తిగా చూసుకున్నాడు.

"ఉంది" అన్నాడు. "ఇక పోనీ." తనంత తానే కూర్చున్నాడు.